డిస్కులో పిడికెడు కొసరు

పొద్దున ఎనిమిది కాకముందే బోథ్ నుంచి ఫోన్ వచ్చింది. చాట ముందేసుకొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఎల్లక్క చేతులు కొంగుకు తుడుచుకొని ఫోన్ ఎత్తింది.

“అత్తా, ఇయ్యాల మూడు గంటలకు ఆఖరు పిలుపట. ఫోటో దొరికిందా?” అంది వందన.

“దొరుకుతది బిడ్డా. కరీంనగర్ నుంచి దశరథం వస్తుండు. నువ్వు జర గంజినీళ్లన్న తాగి పో.”

“మొన్న గూడ గట్లనే అంటివి.”

ఎల్లక్క ఫోన్ పెట్టేసిందే గాని చిక్కుడుకాయల మీద మళ్లీ చెయ్యి పడలేదు.

వందన ఆమె తమ్ముని బిడ్డ. తల్లీ తండ్రీ పోయిన పిల్ల. పన్నెండేళ్ల కింద మాఘమాసంలో బోథ్‌లో అంబదాస్‌కు ఇచ్చి చేశారు. మొన్నటి వానకాలం పత్తిచేనులో పిడుగు పడి అంబదాస్ పోయాడు. పిల్లలు లేరు. పెద్దకర్మ అయిన మర్నాడే మరిది మల్లన్న మాట మార్చాడు. “పెండ్లి ఏడైంది? మా అన్న తెచ్చిపెట్టుకున్నడు, గంతే” అన్నాడు నలుగురిలో. ఉన్న ఇల్లు, నాలుగెకరాల చేను, రెంటి నుంచీ ఆమె పేరు తుడిచెయ్యాలని వాడి పట్టు. ఆధార్ కార్డులో వందనకు పుట్టింటి పేరే ఉండిపోయింది. అల్మారాలో ఉన్న పెళ్లి ఆల్బం దినాల సందడిలో మాయమైంది. తహసీల్ ఆఫీసులో విచారణ చేసే సారు రెండు వాయిదాలు ఇచ్చాడు. “నోటిమాటలు రెండు దిక్కులా ఉన్నాయమ్మా. పెండ్లి ఫోటో ఒక్కటన్నా చూపియ్యి. లేకుంటే నా చేతిలో ఏం లేదు” అన్నాడట. ఇవాళ మూడోది.

ఆ పెళ్లి ఫోటోలు తీసింది ఎవరో కాదు, ఎల్లక్క పెనిమిటి రాయమల్లే. సుల్తానాబాద్ బస్టాండు దాటినాక కుడిచేతి దిక్కు రెండో దుకాణం మడిగ ఆయన స్టూడియో, దాని వెనకే ఇల్లు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లు తీశాడు. ఒక్క పెళ్లి కూడా కంప్యూటర్‌లోంచి చెరపలేదు. “ముహూర్తం ఒక్కసారే వస్తది, మల్ల తీద్దామంటే రాదు” అనేవాడు. సీడీలు బూజుపట్టి పాడైనా, ఫోటోలన్నీ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయని ధీమా. పోయినేడు రాయమల్లు పోయాడు. అయిదు రోజుల కింద ఆ కంప్యూటరూ పడుకుంది. మీట నొక్కితే నల్లటి తెర, దాని మీద రెండు వరుసల తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. అంతకు మించి లేవదు.

దానంతట అది పడుకోలేదు. పడుకోబెట్టారు.

రాయమల్లుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు విజయేందర్ పెళ్లిళ్లకు పోయి ఫోటోలు తీస్తాడు. చిన్నవాడు సన్నీ కూర్చొని ఆల్బంలు తయారుచేస్తాడు. తండ్రి ఏడాదిమాసికం కాగానే వేరుపడదామనుకున్నారు. పెద్దమనిషిగా అంతయ్య వచ్చి కూర్చున్నాడు. పెద్దోడు పాలు వెయ్యాలి, చిన్నోడు ఎత్తుకోవాలి అన్న కట్టుబాటు ప్రకారం కెమెరాలు, లైట్లు, స్టాండ్లు, వెనక కట్టే పరదాలు, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలు కూడా పంచారు. తెగనిది ఒక్కటే, కంప్యూటర్. ఆల్బం చేసే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కదానిలోనే పనిచేస్తుంది. అందుకని పొద్దటి పూట పెద్దవాడు, మాపటి పూట చిన్నవాడు వాడుకోవాలనీ, లోపలున్న డిస్కును మాత్రం చెరి సగం చేసి ఎవరి పాలు వారికి పెట్టాలనీ తీర్మానమైంది.

పంచేటప్పుడు ఎల్లక్క పక్కనే పీట వేసుకొని కూర్చుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాని చెవిన పడ్డ మాట నలభై ఏళ్లైనా బయటికి పోదు. మామగారి పాలోళ్లు భూములు పంచుకున్ననాడు బావిగడ్డ మీద రెండు గుంటల జాగ ‘ఇది ఉండనియ్యి తీ’ అని పంచకుండా వదిలారు. ఆ రెండు గుంటల మీద పద్నాలుగేళ్లు కోర్టుకు తిరిగారు. తమ్ముని శవం లేస్తుంటే అన్న తలుపు మూసుకొని లోపల కూర్చున్నాడు. అది కళ్లారా చూసిన మనిషి గనక, డిస్కు పంచేటప్పుడు సన్నీ “అవ్వా, ముంగట గింత చిన్న ముక్క ఉన్నది, వంద ఎంబీ. పేరు లేదు, అక్షరం లేదు. ఎవల పాలుల ఎయ్యాలె?” అని అడిగితే, ఆమె వెనకాముందు చూడలేదు.

“ఎవ్వలకు రానిది ఉంచద్దు కొడకా. పంచకుంట మిగిలిన జాగలనే కొట్లాట మొలుస్తది. తీసేసి కలుపు” అంది.

అంతయ్య కూడా తలూపాడు. ముక్క తీసేశారు. మళ్లీ మీట నొక్కితే కంప్యూటర్ లేవలేదు.

సన్నీ ఆ రాత్రంతా దానితో కుస్తీ పట్టాడు. వెనక్కు తెస్తానని పెన్‌డ్రైవ్ పెట్టి, ఉన్న గీతలు చెరిపి కంగారులో అందాజుగా మళ్లీ గీత గీశాడట. ఇంకా చెడింది. వేరుపడ్డాక తానూ ఫోటోలకు ఒప్పుకుంటున్నాడు గనక, తెల్లారి ఉట్నూర్ దిక్కు పెళ్లి పని ఉందని జీపెక్కి పోయాడు. ఆ అడవి ఊళ్లలో సెల్లు పలకదు. ఎన్నిసార్లు చేసినా ‘అందుబాటులో లేరు’ అనే మాటే.

దశరథం పదకొండింటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. బొగ్గుబావుల కాలనీలో పుట్టి పెరిగి, రేడియోల రిపేరుతో మొదలుపెట్టి కంప్యూటర్ల దాకా వచ్చినవాడు. చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే తెరను చూడలేదు, మనుషులను చూశాడు.

“ముందుగాల ఒక్క మాట తమ్మీ. ఏం చేసిన్రో దాయకుంట చెప్పున్రి. డాక్టర్ కాడ, నా కాడ దాస్తే పేషెంటు సచ్చిపోతడు.”

విజయేందర్ నెత్తి గోక్కున్నాడు. “మొన్న ఎదురుంగ షాపాయన చూసి ఫార్మాట్ కొట్టాలె అన్నడన్నా.”

“కొట్టినవా?”

“లే.”

“బతికిచ్చినవు.”

పెద్దకోడలు వనిత చాయ్ గ్లాసులు పెడుతూ అందుకుంది. “ఏం చేసిన్రంటవేందన్నా? కుర్చీలు పంచుకున్నరు, పరదలు పంచుకున్నరు, గిది గూడ పంచుకున్నరు. అన్నదమ్ముల ఇగురం, తెలివి చూసి అదే కండ్లు మూసుకున్నది.”

“నువ్వూకో” అన్నాడు విజయేందర్.

దశరథం డబ్బా విప్పి డిస్కు బయటికి తీశాడు. మందపాటి పుస్తకమంత ఇనుప ముక్క. దాన్ని ఒక తీగతో తన లాప్‌టాప్‌కు తగిలించాడు. మొదటి సగం తెరుచుకుంది, అందులో అంతా ఈ మధ్యవే ఉన్నాయి. రెండో సగం నొక్కాడు. తెర మీద ఒక చిన్న పెట్టె లేచింది. విజయేందర్ దాన్ని పూర్తిగా చదవకుండానే చెయ్యి ముందుకు చాపాడు.

“ఏయ్!” దశరథం ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. “అది ఏమడుగుతుందో తెలుసా? ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతుంది. అవునంటే మీ బాపు తీసిన పెండ్లిళ్లు అన్ని బూడిదే.”

ఎల్లక్క ముందుకు వంగింది. “అయ్యా, పాత పెండ్లిళ్లు అండ్లనే ఉన్నయా?”

“ఉండుడైతే ఉన్నయక్కా. భూమి ఏడికీ పోలే. హద్దురాళ్లు జరిపిన్రు, గంతే. మీ చిన్నోడు మల్ల గీసిన గీత తప్పు కాడ పడ్డది. అసలు హద్దు కాడికి పోయి చూస్తే లోపల పంట పంట లెక్కనే ఉంటది.” అతను విజయేందర్ వైపు తిరిగాడు. “మొదలు పంచుకున్ననాడు హద్దు ఏడ పెట్టిన్రు?”

“సగానికి.”

“బరాబర్ సగానికా?”

“బరాబర్. వెంట్రుకవాసి తేడా లేకుంట. అంతయ్య సాక్షి. అవ్వ గూడ గీడనే ఉండి, వెంట్రుకవాసి, వెంట్రుకవాసి అని అరుసుకుంటనే ఉన్నది.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎల్లక్క కొంగు సర్దుకుంది.

దశరథం లెక్క చూసుకొని సరిగ్గా సగం దగ్గరికి పోయాడు. తెర మీద ఏవో అంకెలు పారాయి. చాయ్ చల్లారిపోయింది. కొంచెం ముందు చూశాడు, కొంచెం వెనక చూశాడు.

“ఇక్కడ ఏం లేదు తమ్మీ.”

“లేకుంటె ఎట్ల?”

“లేదంటున్న గద. హద్దు ఏడున్నదో తెల్వకుంటె ఈ కొస నుంచి ఆ కొస దాక గట్టుగట్టు ఎతుక్కుంట పోవాలె. గీ పాత డిస్కుకు ఆరు గంటలు పడుతది.”

గోడ గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలు. ఆరు గంటలంటే పొద్దుగూకుతుంది. అప్పటికి బోథ్‌లో ఆఫీసుకు తాళం కూడా పడుతుంది.

“ఎతుకుడు షురూ జెయ్యన్నా, నడిమిట్లనే తగులుతదేమో” అన్నాడు విజయేందర్. దశరథం మొదలుపెట్టాడు. తెర కింద ఒక సన్నటి పట్టీ, చీమ పాకినట్టు పాకడం మొదలైంది.

ఆ పట్టీని చూస్తూ కూర్చున్న ఎల్లక్క కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది. హద్దు సగం దగ్గర లేదని ఆమెకు తెలుసు. సన్నీకి తెలుసు. ఈ భూమ్మీద మూడో మనిషికి తెలియదు.

ఆ రోజు అంతయ్యను తీసుకొని విజయేందర్ చాయ్‌కు పోయాడు. దుకాణంలో తల్లీ చిన్నకొడుకూ మిగిలారు. పెద్దవాడికి ఇంటి ముందు భాగం వచ్చింది, ఇద్దరు పిల్లలున్నారు, గయ్యాళిదైనా గట్టి పెళ్లాం ఉంది. చిన్నవాడికి ముప్పై నిండినా ఇంకా సంబంధం కుదరలేదు. వడ్లు పంచినా, మామిడికాయలు పంచినా, పాలు వేసిన తర్వాత చిన్నవాడి కుప్ప మీద ఎల్లక్క చెయ్యి ఒక పిడికెడు ఎక్కువ రాల్చేది. చిన్నప్పటి నుంచీ ఆ చేతికి అదే అలవాటు. ఆ రోజూ అదే చెయ్యి.

“నీ దిక్కు జరంత కొసరు ఏస్కో బిడ్డా. అన్నకు చెప్పకు” అంది.

“ఎంతనే?” అని సన్నీ నవ్వాడు.

“నాకేం ఎరుక? ఓ ఇరువై అనుకో.”

వాడు ఇరవై అని కొట్టాడు. హద్దు అన్న దిక్కుకు ఇరవై జరిగింది. విజయేందర్ చాయ్ తాగి వచ్చి, తెర చూసి, “బరాబర్ ఉన్నది” అనుకొని పంపకాల కాగితం మీద సంతకం చేశాడు.

ఇప్పుడు ఆ మాట చెప్తే? కుర్చీల కాడికి లెక్కబెట్టి పంచుకున్నవాళ్లు. ఆ బావిగడ్డ రెండు గుంటలే ఆమె కళ్ల ముందు ఆడాయి. తల్లే దొంగలెక్క వేసిందని పెద్దకొడుకు అనుకుంటే, కోడలు ఊరంతా చాటింపు వేస్తే, అన్నదమ్ముల మధ్య ఆ ఇరవై ఎన్నేళ్లు మండుతుంది? చెప్పకపోతే, పిల్ల వందన అక్కడ ఆఫీసు మెట్ల మీద కూర్చొని ఉంది.

ఒంటిగంటా ఇరవై అయిదుకు ఫోన్ మోగింది.

“అత్తా, మల్లన్న వచ్చిండు. నన్ను చూసి నవ్వుతుండు. ‘ఏదీ, పెండ్లి ఫోటో వచ్చిందా వదినా’ అంటుండు. వదినా అనుకుంటనే అంటుండు సూడే...” వందన ఇక మాట్లాడలేకపోయింది.

ఎల్లక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. పట్టీ ఇంకా మొదట్లోనే ఉంది. ఇరవై దాటింది, వందకు ఇరవై. అదే ఇరవై తనను వెక్కిరిస్తున్నట్టు తోచింది.

ఒకటిన్నర. వనిత అన్నం తినమని పిలిచింది. ఎవరూ లేవలేదు. “సన్నీకి ఒక్కసారి తగిలితె చాలు, వాడే పెట్టిండు గద హద్దు” అని విజయేందర్ ఇరవయ్యో సారో ముప్పయ్యో సారో ఫోన్ చేశాడు. అందుబాటులో లేరు. “గిదే మాట! పాడుచేసి పోయిండు. వాని నోట్లె మన్నువడ, వాడు సక్కగ సగానికి పెట్టినట్టు లేడు. ఏదో మతలబు చేసిండు.”

“వాన్ననకు” అంది ఎల్లక్క.

“ఎందుకనద్దు? ఎప్పుడు వాన్ననద్దనే అంటవు.”

“వాన్ననకు. నేనే చెయ్యమన్న.”

దశరథం చెయ్యి ఆగింది. వనిత గడపలో నిలబడిపోయింది.

ఎల్లక్క లేచి నిలబడింది. కూర్చొని చెప్పే మాట కాదనుకుంది. “నువ్వు చాయ్‌కు పోయినప్పుడు నేనే అన్న. చిన్నోని దిక్కు ఇరువై ఎక్కువ ఏస్కొమ్మన్న. నీకు చెప్పద్దన్న. హద్దు సగం కాడ లేదు కొడకా. సగం నుంచి నీ దిక్కుకు ఇరువై జరిగి ఉన్నది. వాని తప్పు లేదు. అనేది ఉంటె నన్ననుండ్రి.”

రోడ్డు మీద ఒక ట్రాక్టర్ వడ్ల బస్తాలతో పోతే అద్దాలు దడదడమన్నాయి.

“నాకు చెప్పకుంటనా?” అన్నాడు విజయేందర్. గొంతు పెంచలేదు. పెంచితే ఆమెకు తేలికగా ఉండేది. లేచి గడపదాకా పోయి, రోడ్డు దిక్కు తిరిగి నిలబడ్డాడు.

వనితకు మాత్రం మాట కరువా? “గందుకేనా వెంట్రుకవాసి, వెంట్రుకవాసి అని గంతగనం అరిసినవ్ అత్తమ్మా? వెంట్రుక నాకు, జుట్టంత వానికి!”

“అమ్మా, కొట్లాట మూడు దాటినంక పెట్టుకోండ్రి. నేను గూడ ఉండి చూస్త” అన్నాడు దశరథం. పాకుతున్న పట్టీని ఆపేశాడు. “ఇరువై అంటె ఇరువై జీబీనా అక్కా?”

“ఇరువై అన్న. వాడు ఇరువై అని కొట్టిండు. గది జీబీనో జీలకర్రనో నాకు తెల్వది.”

అతను లెక్కవేశాడు. సగంలోంచి ఇరవై తీసి, ఆ చోటికి నేరుగా పోయాడు. ఎల్లక్క కళ్లు మూసుకుంది. తెరిస్తే నల్లటి తెర కనబడుతుందేమోనని భయం. లాప్‌టాప్ లోపలి గాలిమర చప్పుడు, డిస్కులో ఏదో టకటక కొట్టుకోవడం వినబడుతున్నాయి. చెవులే ఆమెకు కళ్లు.

“తమ్మీ,” అని పిలిచాడు దశరథం, “నాతో ఇంగ్లీషు చదివిపిస్తవా, నువ్వొస్తవా?”

విజయేందర్ వెంటనే రాలేదు. తర్వాత వచ్చాడు. తల్లి పక్కనుంచే వచ్చాడు గాని ఆమె ముఖం చూడలేదు. వంగి చదవడం మొదలుపెట్టాడు. “కాట్నపల్లి రాజేశం, ఫాల్గుణం. గర్రెపల్లి లచ్చవ్వ బిడ్డ, వైశాఖం...” చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. తండ్రి పెట్టిన పేర్లు అవి. రాయమల్లు తేదీలు రాసేవాడు కాదు, ఊరూ మనిషీ మాసమూ రాసేవాడు. “ఉన్నయన్నా. బాపు పెట్టిన పేర్లన్ని గట్లనే ఉన్నయ్!”

“రాయకు, ఏం ముట్టకు. చదువుడే. మొదలు ఆ పెండ్లి దొరకబట్టు.”

“బోథ్... బోథ్ ఏదీ...”

“మాఘం” అంది ఎల్లక్క కళ్లు తెరవకుండానే. “శుద్ధ త్రయోదశి, గురువారం. ఆ పొద్దు బూందీ మాడింది.”

‘బోథ్ వందన మాఘం’ దొరికింది. రెండు గంటల పది నిమిషాలకు ఆ ఫోటోలు దశరథం లాప్‌టాప్‌లోకి నకలు కావడం మొదలైంది. పాత డిస్కు మధ్యలో ఒకసారి మూలిగి ఆగింది. మళ్లీ కదిలింది. రెండూ ఇరవై అయిదుకు మొదటి ఫోటో తెర మీద విప్పుకుంది.

పసుపు బట్టల్లో వందన, ఇంకా పిల్లే. ఎదురుగా బాసింగం జారిపోయిన అంబదాస్. ఇద్దరి నడుమ అడ్డుతెర సగం దిగింది. ఆ తెరకు ఒక కొస పట్టుకున్నవాడు ఎవరు? నెత్తి మీద అక్షింతలు, ముప్పైరెండు పళ్లూ కనబడేట్టు నవ్వుతూ, మల్లన్న.

“వీడే గద?” అన్నాడు దశరథం.

“వీడే” అంది వనిత. “తెర పట్టినోడే తెర దించుతుండు, సూడు!”

విజయేందర్ పది ఫోటోలు వందన సెల్లుకు పంపాడు. గుండ్రటి సుడి తిరిగింది, తిరిగింది. నెట్టు అందక రెండు ఆగిపోయాయి. ఫోన్ పట్టుకొని రోడ్డు మీదికి పరుగెత్తి, మళ్లీ పంపాడు. రెండూ నలభైకి, అందినట్టు గుర్తు పడింది. వందన ఒక్క మాట కూడా పంపలేదు. జిరాక్స్ దుకాణానికి ఉరికి ఉంటుందని అందరూ అనుకున్నారు.

మూడైంది. మూడున్నరైంది. ఎల్లక్క చిక్కుడుకాయల చాట మళ్లీ ముందుకు లాక్కుంది. ఈనె ఏదో కాయ ఏదో చూడకుండానే తుంచుతోంది.

పావు తక్కువ నాలుగుకు ఫోన్ మోగింది.

“అత్తా!” వందన ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “సారు ఫోటో మల్లన్న ముంగట పెట్టిండు. ‘గీ తెర పట్టుకున్నది ఎవలు’ అన్నడు. అంత మందిల తలకాయ దించిండే! సారు నా పేరు రాసుకున్నడు. అంబదాస్ భార్య వందన అని నా ముంగటనే రాసిండు. నాకు చదివి వినిపిచ్చిండు.”

“మల్లొక్కసారి చెప్పు బిడ్డా” అంది ఎల్లక్క. వందన మళ్లీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకుంది.

ఫోన్ పెట్టేసరికి దశరథం డిస్కును తిరిగి డబ్బాలో బిగిస్తున్నాడు. ఫోటోలన్నీ నకలు తీసుకున్నాడు, అసలు హద్దు ఎక్కడిదక్కడ పెట్టాడు.

“ఇగ దీన్ని లేపాలె. మీరు తీసేసిన ఆ పేరులేని ముక్క ఉన్నది చూడున్రి, దాన్నుంచే ఇది లేచి నడుస్తది. ఇంట్లకు పోయే సందు అసొంటిది. ఇద్దరి ఇండ్లకు అదే దారి. ఆ సందు గూడ దున్ని పంచుకుంటిరి. మల్ల వంద ఎంబీ జాగ కావాలె. ఎవల పాలుల నుంచి తియ్యాలె?”

విజయేందర్ మధ్యాహ్నం నుంచి తల్లి దిక్కు తిప్పని ముఖాన్ని ఇప్పుడు తిప్పాడు. ఎల్లక్క ఆ చూపు కింద తల ఎత్తలేదు.

వనితే అంది. “ఎవల పాలుల నుంచెందుకన్నా? అత్తమ్మ ఏసిన కొసరు ఉన్నది గద. ఆ పిడికెట్లకెల్లే తియ్యి.”

విజయేందర్‌కు నవ్వు ఆగలేదు. ఆపుదామని చూశాడు, ముక్కులోంచి వచ్చింది. “తియ్యన్నా. అవ్వ పిడికెట్లకెల్లే తియ్యి. మిగిలినది వానికే ఉండనియ్యి, ఏం జేసుకుంటడో.” ఆ మాట అని, తల్లి ముందున్న చాటలోంచి ఒక గుప్పెడు చిక్కుడుకాయలు తన దిక్కు లాక్కొని ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. ఇంకా కోపం పోలేదని కాయలు విరిచే తీరులో తెలుస్తూనే ఉంది.

దశరథం మీట నొక్కాడు. నల్లటి తెర. నల్లటి తెర. ఒక చుక్క తిరిగింది, దాని వెనక ఇంకొకటి, తర్వాత మరిన్ని. రాయమల్లు పెట్టుకున్న పాత బొమ్మ, స్టూడియో తెరిచిన రోజు పూలదండ వేసిన బోర్డు, తెర నిండా లేచింది.

అప్పుడే టేబుల్ మీద విజయేందర్ ఫోన్ గిర్రున తిరిగింది. సన్నీ. అడవిలోంచి రోడ్డెక్కినట్టున్నాడు.

విజయేందర్ చెయ్యి చాపేలోపు వనిత దాన్ని ఎత్తి, అత్తగారి చేతిలో పెట్టింది.

“చెప్పు అత్తమ్మా, నువ్వే చెప్పు. మొత్తం చెప్పు, నీ పిడికెట్లకెల్లి తీసింది గూడ. ఇరువై కాడ ఆగకు.”